టోరెన్సులో పది శనివారాలు



పరదేశము వెళ్ళి వచ్చినవారిని "అక్కడ ఏమి చూశారు?" అని అడిగితే పెద్ద మేడలను గూర్చి, వెడల్పాటి రోడ్లను గూర్చి చెబుతారు. మేమూ వాటిని చూశాము. కాని ఇంటికి వచ్చిన తరువాత మా తలంపులలో మిగిలినది ఒక గడ్డి మైదానము, ఆ మైదానములో బంతి వెంట గుంపుగా పరుగెత్తే ఆరేళ్ళ పిల్లలు. ముప్పయి ఏళ్ళు సండే స్కూలు నడిపిన మాకు ఆ పసిపిల్లల ఆట ఒక గద్దింపుగా వచ్చింది. ఆ సంగతిని మన పత్రిక ద్వారా మీతో పంచుకోవాలని ఆశపడి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియా రాష్ట్రములో టోరెన్సు అనే పట్టణములో కాపురముంటున్నారు. దేవుని కృపను బట్టి 2023వ సంవత్సరము ఆగస్టులో మేమిద్దరమూ వారి యొద్దకు వెళ్ళి నవంబరు చివరి వరకు ఉన్నాము. లాస్ ఏంజిలిస్ విమానాశ్రయమునకు దక్షిణముగా ఉన్న ఊరది. పడమట పసిఫిక్ మహాసముద్రము, దక్షిణాన పాలోస్ వెర్డీస్ కొండలు. ఉదయాన్నే లేచేసరికి సముద్రము మీది మబ్బు దిగివచ్చి ఇళ్ళ కప్పులను కమ్ముకొని ఉంటుంది. పది గంటల వేళకు ఎండ వచ్చి దానిని తీసివేస్తుంది. ఊరికి ఉత్తరాన చమురు శుద్ధి చేసే కర్మాగారపు గొట్టాలు కనబడతాయి. జేరెడ్ సిడ్నీ టోరెన్స్ అనే ఆయన 1912లో కర్మాగారములూ పనివారి ఇళ్ళూ ఒక్కచోట ఉండేటట్లు ఈ ఊరిని వేయించాడట. ఆయన పేరే ఊరికి వచ్చింది. ఇప్పుడు జపాను వారు, కొరియా వారు, మెక్సికో వారు, ఫిలిప్పీన్సు వారు, మన తెలుగువారు కూడ అక్కడ ఇరుగుపొరుగుగా ఉన్నారు. శనివారము ఉదయము విల్సన్ పార్కులో రైతు బజారు పెడతారు. అక్కడ వంకాయలు, కొత్తిమీర కట్టలు చూచినప్పుడు మాకు ప్రాణము లేచివచ్చింది.

మేము వెళ్ళిన వారములోనే అమ్మాయి మా మనుమడికి మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు, ఆ మేజోళ్ళ లోపల పిక్కలకు అడ్డము పెట్టుకొనే రేకులు, అడుగున బొడిపెలున్న బూట్లు కొని తెచ్చింది. "వీడిని సాకర్‌లో చేర్పించాము నాన్నగారూ, ఇక శనివారాలన్నీ మైదానములోనే" అన్నది. సాకర్ అంటే మనము ఫుట్‌బాల్ అని పిలిచే ఆటే. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే వేరు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తే మరొక ఆట అది. మన ఫుట్‌బాల్ మన తెలుగు నేలకు కొత్తది కాదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము పొందిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన మొదట బడిపంతులు. ఆయన జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్ గారు సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి బిడ్డ.

మా మనుమడు చేరినది అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అనే సంస్థ నడిపే పిల్లల లీగులో. ఈ సంస్థ 1964లో తొమ్మిది జట్లతో మొదలైనది. ఎక్కడ అనుకున్నారు? ఆ టోరెన్సు పట్టణములోనే! ఆ రోజులలో అమెరికా పిల్లలలో ఈ ఆట ఆడేవారు తక్కువ. ఆట మీద ప్రేమగల కొందరు పెద్దలు తమ పిల్లల కొరకు, ఇరుగుపొరుగు పిల్లల కొరకు దీనిని ఆరంభించారు. 1971లో ఆడపిల్లలకు కూడ చోటు ఇచ్చారు. ఈనాడు దేశమంతటా లక్షలమంది పిల్లలు ఇందులో ఆడుతున్నారు. జీతము తీసుకొనే శిక్షకులు గాని, రిఫరీలు గాని ఊరి మైదానాలలో దాదాపు కనబడరు. పిల్లల తలిదండ్రులే ఆ పనులు చేస్తారు. అయితే ఎవరు పడితే వారిని పిల్లల దగ్గరకు రానివ్వరు. శిక్షకుడుగా ఉండేవారి పోలీసు రికార్డులు తనిఖీ చేస్తారు. పిల్లల భద్రతను గూర్చి వారికి తరగతి ఉంటుంది. ఇది మన సంఘములు కూడ ఆలోచించవలసిన సంగతి.

మొదటి శనివారము వచ్చింది. మబ్బు ఇంకా విడలేదు. గడ్డి తడితడిగా ఉన్నది. తలిదండ్రులు మడత కుర్చీలు తెచ్చుకొని గీతకు అవతల వరుసగా కూర్చున్నారు. ఒక్క పెద్ద మైదానమునే ముగ్గుతో గీతలు గీసి చిన్న చిన్న ముక్కలు చేశారు. ఆరేళ్ళ పిల్లలకు సుమారు ముప్పయి గజాల పొడవు చాలు. ఒక్కొక్క వైపు నలుగురే ఆడతారు. గోలు దగ్గర కాపలా ఉండేవాడు లేడు. బంతి కూడ చిన్నది. పెద్దవారి బంతి చుట్టుకొలత 27, 28 అంగుళాలైతే పిల్లలది 23, 24 అంగుళాలే. ఇంత చిన్న జట్లు ఎందుకంటే, పదకొండు మంది ఉన్నచోట బలమైన ఇద్దరికే బంతి దొరుకుతుంది. నలుగురున్నచోట అందరి కాళ్ళకూ తగులుతుంది. పదేళ్ళ లోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదు. మెదడుకు దెబ్బ తగలకుండ అమెరికా సాకర్ సమాఖ్య 2015లో ఈ నియమము ప్రకటించింది.

ఈల ఊదగానే పిల్లలందరు బెల్లము చుట్టూ చీమలవలె బంతి చుట్టూ మూగారు. ఒక చిన్నది మధ్యలో కూర్చొని గడ్డిపూలు కోసుకొన్నది. ఒక పిల్లవాడు తన గోలులోకే బంతి కొట్టి చేతులెత్తి గంతులు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరి మా మనుమడు? గీత దగ్గర నిలువబడి, చొక్కా అంచు నోటిలో పెట్టుకొని నములుతూ మా వైపు చూస్తున్నాడు. బంతి వాడి వైపు వచ్చినప్పుడు రెండడుగులు వెనుకకు వేశాడు. ఆట ముగిసేవరకు వాడి బూటుకు బంతి ఒక్కసారి కూడ తగులలేదు.

రెండవ వారమూ అంతే. మూడవ వారమూ అంతే. మాకు తల కొట్టేసినట్లయింది. నిజము చెప్పవలెనంటే, వాడు బాధపడుతున్నాడని మాకు కలిగిన దుఃఖము కంటె, నలుగురిలో చిన్నతనమైనదని కలిగిన సిగ్గే ఎక్కువ. మూడవ శనివారము ఆట ముగిసిన తరువాత అమ్మాయిని మధ్యవర్తిగా పెట్టుకొని ఆ జట్టు శిక్షకునితో మాట్లాడాము. ఆయన విమానాశ్రయములో సామాను దించే పని చేసుకొనే మనిషి. ఆయన కూతురే ఆ గడ్డిపూలు కోసుకొనే చిన్నది. "అయ్యా, మావాడి వలన మీ జట్టు నష్టపోవుచున్నది. వాడిని బయట కూర్చోబెట్టి చురుకైనవారిని ఆడించండి. మేమేమీ అనుకోము" అన్నాము. పెద్ద మనస్సుతో మాట్లాడుచున్నామనే అనుకొన్నాము.

ఆయన మా వైపు ఆశ్చర్యముగా చూచి, "అలా చేయడానికి నాకు అధికారము లేదండి. ఇక్కడ అందరూ ఆడాలి. అదే మొదటి నియమము" అన్నాడు.

ఆ తరువాత అమ్మాయి ఇంటి దగ్గర మాకు వివరముగా చెప్పింది. ఈ లీగులో చేరుటకు ఎంపిక పరీక్ష లేదు. పేరు వ్రాయించుకొన్న ప్రతి బిడ్డకు చోటు ఇవ్వాలి. ప్రతి ఆటలో ప్రతి బిడ్డ కనీసము సగము సమయము ఆడి తీరాలి. అందుకు ఆటను నాలుగు భాగములుగా చేసి, ఒక్కొక్క భాగము ముగిసినప్పుడు బయట ఉన్నవారిని లోపలికి పంపిస్తారు. తోటివారందరికి మూడు భాగములు దొరికేవరకు ఎంత మంచి ఆటగాడైనను నాలుగు భాగములూ ఆడకూడదని చాలా చోట్ల కట్టుబాటు ఉన్నది. బలవంతులందరు ఒకే జట్టులో చేరకుండ ఏటేటా జట్లను కలిపి మరల సమముగా పంచుతారు. ఆరేళ్ళవారికి గోల్సు లెక్క వ్రాయరు, గెలుపోటముల పట్టిక పెట్టరు. పది సంవత్సరాల వయస్సు వచ్చేసరికి లెక్కలు, పట్టికలు వస్తాయి. అయినను "అందరూ ఆడాలి" అనే నియమము మాత్రము పోదు. అంగవైకల్యము గల పిల్లలకు కూడ తోడు ఆడేవారిని ఇచ్చి వేరుగా ఆట ఏర్పాటు చేస్తారు.

ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర రాలేదు. మేము చెప్పుకోకుండానే ఇద్దరమూ ఒకే పిల్లవాడిని జ్ఞాపకము చేసుకొంటున్నామని మాకు తెలుసు.

అది 1993వ సంవత్సరము. మా పాస్టరేటులోని సండే స్కూళ్ళన్నిటికీ కంఠతా వాక్యముల పోటీ పెట్టారు. ఒక్కొక్క సంఘము నుండి ఆరుగురు పిల్లలు. గెలిచినవారికి వెండి రంగు షీల్డు. మా సండే స్కూలులో తొమ్మిదేళ్ళ బాబు ఒకడు ఉండేవాడు. వాడికి నత్తి. అయినను వాడు 121వ కీర్తన నేర్చుకొని వస్తానని పేరు ఇచ్చాడు. రెండు నెలలు నేర్చుకొన్నాడు. వాడి తల్లి కూలి పని చేసుకొనేది, చదువు రాదు. రాత్రి పొయ్యి దగ్గర కూర్చొని వాడు చెబుతుంటే ఆమె వినేది. అలా వినివిని ఆమెకే ఆ కీర్తన వచ్చిందని ఊరివారు చెప్పుకొనేవారు. పోటీ రేపనగా మేము వాడిని ప్రక్కకు పిలిచి, "నువ్వు వచ్చే ఏడు చెబుదువుగానిలే నాయనా, ఈసారి గెలవాలి" అని చెప్పి వాడి స్థానములో గడగడా అప్పజెప్పే మరొక అమ్మాయిని తీసుకొన్నాము. వాడు ఏమీ అనలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

షీల్డు మాకే వచ్చింది. ఆ షీల్డు ఈనాటికీ మందిరములోని బీరువా మీద ఉన్నది. ఆ పిల్లవాడు మాత్రము మరల సండే స్కూలుకు రాలేదు. పెద్దవాడై ట్రాక్టరు నడుపుకొంటూ ఊరిలోనే ఉన్నాడు. ఎదురుపడితే "వందనాలు మాస్టారూ, వందనాలు టీచరమ్మగారూ" అంటాడు. మందిరపు గడప త్రొక్కడు. "లోకములో పడిపోయాడు" అని మేము అతని కొరకు ప్రార్థన కూడ చేశాము! త్రోసినది మన చేతులేనని ఏనాడూ అనుకోలేదు.

టోరెన్సులో పిల్లల మైదానమునకు వెళ్ళే దారిలో చిన్న విమానములు దిగే స్థలమొకటి ఉన్నది. దానికి ఆ ఊరి బిడ్డ లూయీ జాంపెరీని పేరు పెట్టారు. ఇటలీ నుండి వచ్చిన పేద కుటుంబము వారిది. చిన్నతనములో ఇంగ్లీషు సరిగా రాదు. దొంగతనాలు చేసేవాడు, పొగ త్రాగేవాడు, తగవులాడేవాడు. ఊరంతా విసిగిపోయింది. అన్న పీట్ ఒక్కడే వాడిని విడువక, బడి పరుగుపందెములలో చేర్పించి, తాను వెంటబడి పరుగెత్తించాడు. ఆ అల్లరి పిల్లవాడు 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో 5000 మీటర్ల పరుగులో ఎనిమిదవ వాడుగా వచ్చాడు. యుద్ధములో 1943లో అతని విమానము సముద్రములో కూలింది. 47 దినములు చిన్న పడవ మీద కొట్టుకొనిపోయి, జపాను వారికి ఖైదీగా చిక్కి చెప్పరాని హింసలు పొందాడు. తిరిగి వచ్చిన తరువాత ద్వేషముతో, త్రాగుడుతో పాడైపోతున్న దినములలో, 1949లో లాస్ ఏంజిలిస్‌లో బిల్లీ గ్రాహం గారి గుడారపు కూటములకు భార్య అతనిని తీసుకొని వెళ్ళింది. అక్కడ ప్రభువును అంగీకరించి, మరుసటి సంవత్సరము జపాను వెళ్ళి, చెరసాలలో ఉన్న తన పాత కావలివారిని క్షమించాడు. తరువాత దారి తప్పిన పిల్లల కొరకు శిబిరము నడిపాడు. 2014లో 97 ఏళ్ళ వయస్సులో మరణించాడు.

ఆ విమానస్థలము ప్రక్కగా వెళ్ళినప్పుడెల్లా మాకు ఒక్కటే తలంపు. పీట్ కూడ మావలె, "వీడి వలన మనకు పేరు రాదు" అనుకొని ఉంటే?

శనివారాలు గడిచాయి. మేము చూచినదంతా మంచియే అని చెప్పము. ప్రక్క మైదానములో కాస్త పెద్ద పిల్లల ఆటలో ఒక తండ్రి రిఫరీ మీద కేకలు వేశాడు. ఆ రిఫరీ పసుపు చొక్కా వేసుకొన్న పద్నాలుగేళ్ళ అమ్మాయి. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఈల విడువలేదు. ఇటువంటివి జరుగుతుంటాయి గనుక కొన్ని లీగులలో ఏడాదికొక శనివారము మౌన దినముగా పెడతారు. ఆ రోజు తలిదండ్రులు చప్పట్లు కొట్టవచ్చును గాని మాట్లాడకూడదు. మావాడి లీగులోనూ ఆరవ వారము అలా చేశారు. ఆ రోజు మేము మొదటిసారి పిల్లల గొంతులు విన్నాము. "ఇటు ఇవ్వు", "ఫరవాలేదు", "బాగా కొట్టావు" అని వారిలో వారే చెప్పుకొంటున్నారు. మా అరుపుల క్రింద ఆ మాటలన్నీ అంతకుముందు అణగిపోయాయి.

ఇంకొక సంగతి. తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి బాగా ఆడే పిల్లలను ఎంపిక చేసుకొనే క్లబ్బులు వేరుగా ఉన్నవి. వాటికి ఏడాదికి వేల డాలర్లు అవుతాయట. వాటి పోటీలు ఆదివారములలో కూడ ఉంటాయి గనుక కొన్ని విశ్వాసుల కుటుంబాలు ఆరాధనకు దూరమౌతున్నాయని అమ్మాయి బాధపడింది. అయితే అందరికి చోటిచ్చే లీగులో మొదలైనంత మాత్రాన బిడ్డ వెనుకబడిపోడు. 1999 జూలై 10న పాసడీనాలో 90,185 మంది చూస్తుండగా మహిళల ప్రపంచ కప్పు గెలిచిన అమెరికా జట్టులోని జూలీ ఫౌడీ చిన్నప్పుడు ఈ సంస్థ లీగులోనే ఆడింది. తరువాతి కాలములో పేరుపొందిన అలెక్స్ మోర్గన్ కూడ అంతే.

నవంబరులో చివరి ఆట నాడు ప్రతి బిడ్డకు ఒక పతకము ఇస్తారని తెలిసి, బడిపంతుళ్ళమైన మాకు మరల సందేహము వచ్చింది. అందరికీ ఇస్తే పతకమునకు విలువ ఏమున్నది? పరుగెత్తువారు అనేకులైనను బహుమానము ఒక్కనికే అని పౌలు కొరింథీయులకు వ్రాయలేదా? ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ మాట ఎత్తాము. అల్లుడు బైబిలు తెరచి తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయము చూపించాడు. అదే పౌలు తన పరుగు ముగించే వేళ తనకున్న కిరీటమును గూర్చి చెప్పి, అది తనకు మాత్రమే కాదు, ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించే అందరికీ ఉన్నదని చెబుతున్నాడు. పౌలు పందెమును తక్కువ చేయలేదు. బహుమానము పొందునట్లుగా పరుగెత్తమన్నాడు. కాని తోటివాడిని ప్రక్కకు నెట్టి పొందే కిరీటమును గూర్చి ఆయన ఎక్కడా చెప్పలేదు. పోటీ పాపము కాదు. ఆరేళ్ళ వాడికి ఇచ్చే ఆ పతకము గెలిచినందుకు కాదు, పది శనివారాలు మబ్బులో లేచి వచ్చినందుకు. ఆ మాట మాకు నచ్చింది.

పదవ శనివారము మావాడు ఏమి చేశాడని మీరు అడుగుతారు. గోలు కొట్టలేదు. మూడవ భాగములో బంతి దొర్లుకొంటూ వాడి దగ్గరకు వచ్చింది. ఈసారి వెనుకకు తగ్గలేదు. ఒక్క తన్ను తన్నాడు. ఆ బంతి నేరుగా గీత దాటి మా కుర్చీల క్రిందికి వచ్చింది. ఆటలో దానికి ఏ లెక్కా లేదు. కాని గడ్డిపూల చిన్నది పరుగెత్తుకొని వచ్చి వాడి చేయి పట్టుకొని ఊపింది. ఆట ముగిసిన తరువాత రెండు జట్ల పిల్లలు వరుసగా నడుస్తూ ఒకరి అరచేతిని ఒకరు తట్టుకొన్నారు. తలిదండ్రులు ఎదురెదురుగా నిలిచి చేతులెత్తి పందిరివలె పట్టితే పిల్లలు దాని క్రింద నుండి పరుగెత్తారు. మేము కూడ ఆ పందిరిలో చేతులెత్తి నిలువబడ్డాము. మావాడు మా క్రింద నుండి వెళుతూ, "తాతయ్యా, అమ్మమ్మా, నేను తన్నాను, చూశారా?" అన్నాడు. చూశాము నాయనా, చూశాము.

మన ఊరికి తిరిగి వచ్చిన తరువాత డిసెంబరు మొదటి వారములో మేము ట్రాక్టరు నడిపే ఆ సహోదరుని ఇంటికి వెళ్ళాము. తల్లి చనిపోయి చాలా ఏళ్ళయింది. అతడు మంచము వాల్చి కూర్చోబెట్టాడు. "నాయనా, 1993లో మేము నీకు అన్యాయము చేశాము. క్షమించమని అడగడానికి వచ్చాము" అన్నాము. అతడు నవ్వి, "ఎప్పటి మాటలు మాస్టారూ, నేను మరిచిపోయాను" అన్నాడు. మరిచిపోలేదని అతని ముఖమే చెప్పింది. కాసేపు ఊరకుండి, నెమ్మదిగా, మాట మాట తడుముకొంటూ, "అమ్మ మాత్రం చాలా ఏడిచింది టీచరమ్మగారూ" అన్నాడు. మేము ఇంకేమీ మాట్లాడలేకపోయాము. మందిరమునకు రమ్మని అడగడానికి కూడ ఆ రోజు మాకు నోరు రాలేదు.

2024 మే నెలలో వి.బి.ఎస్. పెట్టినప్పుడు, సాయంత్రము ఒక గంట బడి ఆవరణలో బంతాట పెడదామని సంఘ పెద్దలను అడిగాము. "వాక్యము నేర్పుతామని పిలిచి ఆటలేమిటి మాస్టారూ?" అని ఒకరన్నారు. జెకర్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయము చదివి వినిపించాము. దేవుడు యెరూషలేమును మరల కట్టే దినమును చూపిస్తూ, ఆ పట్టణపు వీధులలో ముసలివారు చేతికఱ్ఱలతో కూర్చొని ఉంటారని, ఆటలాడే మగపిల్లలు, ఆడపిల్లలు నిండి ఉంటారని చెప్పియున్నాడు గదా. సంఘము కూడ ఇటువంటి పని చేయగలదు. అమెరికాలోనే దక్షిణ కెరొలైనా రాష్ట్రములో స్పార్టన్‌బర్గ్ పట్టణపు బాప్టిస్టు సంఘమొకటి 1986లో పిల్లలకు బాస్కెట్‌బాల్ లీగు మొదలుపెట్టింది. అది అప్‌వర్డ్ అనే పరిచర్యగా పెరిగి సాకర్ కూడ నడుపుతున్నది. అక్కడా ప్రతి బిడ్డకు ఆడే వంతు ఉంటుంది.

మేము చేసినది చిన్నది. రెండు బంతులు, ఒక ఈల, సున్నముతో గీసిన గీతలు. వైపుకు నలుగురు, గోలు కాపలా లేదు, గోల్సు లెక్క లేదు. ఐదు నిమిషాలకొకసారి ఈల ఊది బయట ఉన్నవారిని లోపలికి పంపాము. ఆడపిల్లలు, మగపిల్లలు, చెప్పులు లేనివారు, కాలు కుంటే బాబు, అందరూ ఆడారు. మూడవ రోజున గోడ ప్రక్కన ఎనిమిదేళ్ళ పాప ఒకతె నిలువబడి చూస్తున్నది. ట్రాక్టరు సహోదరుని కూతురు. "రా అమ్మా, నీ వంతు" అన్నాము. అంతే.

ఆ సంవత్సరము క్రిస్మసు కార్యక్రమములో వాక్యము చెబుతామని వచ్చిన ఏ బిడ్డనూ మేము వద్దనలేదు. కొందరు ఒక్క వచనము చెప్పారు, కొందరు సగములో మరచిపోయి దిగిపోయారు. భోజనాల వేళ దాటిపోయింది. అయ్యగారు గడియారము చూచుకొన్నారు. చివరికి ఆ పాప వచ్చి నిలువబడి 121వ కీర్తన చెప్పింది. ఆ కీర్తన ఆమెకు మేము నేర్పలేదు. పందిరి చివర, గుంజకు ఆనుకొని, వెలుతురుకు కాస్త అవతల ఆమె తండ్రి నిలువబడి ఉన్నాడు. పాప ఒకచోట ఆగిపోయినప్పుడు, ముప్పయి ఒక్క సంవత్సరాలుగా లోపల దాచుకొన్న ఆ తరువాతి మాటను, నత్తితోనే, అతడే అందించాడు.

ప్రియ పాఠకులారా, మీ సండే స్కూలులో, మీ గాయక బృందములో, మీ ఇంటిలో బయట కూర్చోబెట్టబడిన బిడ్డ ఎవరైనా ఉన్నారా? ఒక్కసారి జ్ఞాపకము చేసుకొనండి. షీల్డులు బీరువాల మీద దుమ్ము పట్టిపోతాయి. వంతు ఇయ్యబడిన బిడ్డ మిగులుతాడు. చిన్నవారిలో ఒకనినైనను నశింపనీయని మన పరలోకపు తండ్రి మీ ఇండ్లను, మీ సంఘములను దీవించును గాక. ఆమేన్.